పాల్గొన్న వ్యక్తి: 7

రికార్డరు నొక్కేముందు ఫ్యాను ఆపమన్నాను.
పుళియంతోపులో, మే నెలలో, మూడో అంతస్తులో
ఫ్యాను ఆపమని అడగడానికి
ఎంత పరిశోధనకైనా కొంచెం సిగ్గుండాలి.
ఆమె ఆపింది.
కొంగుతో నాకు విసురుతూ కూర్చుంది.

మొదటి ప్రశ్న. మీ గురించి మీరు ఏమని చెప్పుకుంటారు?
"ఏమని చెప్పేది? అడిగినోళ్లని బట్టి."
మా గైడు మేడంకి నచ్చే జవాబు. కింద గీత గీశాను.

"మా జేజి గూడూరు పక్కనుంచి వచ్చిందంట,
మొగుడూ, ఒక ఇత్తడి చెంబూ.
చీపురు ఈడ కార్పొరేషనోళ్లు ఇచ్చారు.
ఈడ మేం తెలుంగుకారోళ్లం.
ఒకసారి ఆడికి పెళ్లికి పోతే
అరవోళ్లొచ్చారు ఆకులెయ్యండి అన్నారు.
తిన్నాం. బాగానే పెట్టారు.
తిరుగు రైల్లో తడ కాడ నిద్రపట్టింది,
లేస్తే బేసిన్ బ్రిడ్జి."

రెండో ప్రశ్న ఆరోగ్యం.
షుగరు ఎనిమిదేళ్లుగా. దగ్గు, మార్గళిలో ఎక్కువ.
అరికాల్లో గాజుపెంకు
ఎప్పుడు దిగిందో తెలీదు,
చెప్పు జారుతుంటే చూసుకుందట, నెత్తురు.
పాదం ఒళ్లోకి తీసుకున్నాను.
ప్రశ్నావళిలో అలా చెయ్యమని లేదు.
ఏడేళ్లు వార్డులో చేసిన చెయ్యి, ఊరుకోదు.

అడక్కుండానే చీరల కొట్టు సంచిలోంచి
కాగితాలన్నీ గుమ్మరించింది.
స్టాన్లీ చీటీలో తేసమ్మ.
రేషను కార్డులో తేసమ్మాళ్.
జీతం పుస్తకంలో దాసమ్మ, అదెవరో.
దేశమ్మ ఏ కాగితంలోనూ లేదు.
"జేజి పేరమ్మా నాది. ఈళ్ల అక్షరంలో పట్టదంట.
త కాదు. ద. గొంతు మోగాల."
నా వేళ్లు లాక్కుని తన గొంతు మీద పెట్టుకుంది.
తే, అంది. ఏమీ లేదు.
దే, అంది.
నాడి చూసే వేళ్లవి. వాటికి తెలిసింది.

అంగీకార పత్రం మీద బొటనవేలు వేయించాను.
నీలం మచ్చ పడింది, అందులో ఒక్క గీత లేదు.
బ్లీచింగు పౌడరు, ఇరవై రెండేళ్లు.
రేషను మిషను కూడా ఆమెని ఎరగనంటోంది,
కొడుకు డ్యూటీ మానుకుని వచ్చి వేలు పెడతాడు.

అప్పుడు, నియమం కాబట్టి, చదివి వినిపించాను:
మీ పేరు ఎక్కడా రాయం. రహస్యంగా ఉంచుతాం.
మా కాగితాల్లో మీరు ఏడో నంబరు.

రికార్డరులో ఇక్కడ పదకొండు సెకన్లు ఏమీ లేదు.
దూరంగా నీళ్ల లారీ హారను. బిందెలు.

"అందరూ తప్పు రాశారు," అంది.
"నువ్వు తెలుగుదానివి కదా,
నువ్వన్నా సరిగ్గా రాస్తావనుకుంటి."

నైతిక సంఘం వాళ్లు పదహారు ప్రశ్నలడిగారు నన్ను,
ఈమెకి హాని జరగదని రుజువు చెయ్యమని.
ఇది అడగలేదు.

సంచిలో ఉన్న మాత్రల డబ్బా తీసి
మూత మీద పెద్దగా రాశాను. దే. శ. మ్మ.
ఆమెకి తెలుగు చదవడం రాదు.
"ఇందులో ద ఏది?"
చూపించాను.
గీతల్లేని వేలితో దాని మీద ఒకసారి పోయింది,
సిరా ఆరలేదు, కొంచెం అలుక్కుంది.
ఫ్యాను వేసి, టీ పెట్టడానికి లేచింది.

నా థీసిస్‌లో నాలుగో అధ్యాయం చూడండి,
ఏడో నంబరు బాగా మాట్లాడుతుంది.
మాత్రల డబ్బా సంగతి
"అంశానికి సంబంధం లేదు" అని తీసేశాం.

ఇంతా చేసి,
ఇక్కడ నేను రాసిందీ ఆమె పేరు కాదు.
మాటిచ్చాను, సంతకం కూడా పెట్టాను.
అసలు పేరులోనూ ఒక అక్షరం ఉంది,
అక్కడి లిపిలో పట్టనిది,
గొంతు మోగితే తప్ప పలకనిది.
అంతవరకే చెప్పగలను.